గబ్బిలం రక్తంలో ఏముంది? రాజోలు మాస్టారి ప్రశ్నకి జవాబు

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి తెలియడం కోసం ముందు అదేమిటో చెప్తాను. మీరు రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తారు. బడి వెనక రావిచెట్టు నిండా పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటాయి. గబ్బిలాల ఎర్ర రక్తకణాలకి రోగాలతో పోరాడే పని కూడా ఉంటుందని ఎక్కడో చదివి తరగతిలో చెప్పారు. వెంటనే ఒక పిల్లవాడు లేచి, "అందుకేనండీ, మా చిన్న తమ్ముడికి ఆయాసం తగ్గడానికి గబ్బిలం రక్తం పట్టిద్దామంటున్నాడు మా తాతయ్య" అన్నాడు. ఇంకోపక్క గబ్బిలాల నుంచి మనుషులకి సోకే నిపా వైరస్ భయంతో ఆ చెట్టు కొట్టించేద్దామని ఊళ్లో కొందరు పట్టుబడుతున్నారు. ఎర్రకణాల మాట నిజమేనా, ఆ పిల్లవాడి ఇంట్లో ఏం చెప్పాలి, చెట్టు సంగతేమిటి, పిల్లలకి గబ్బిలం రక్తం మైక్రోస్కోపు కింద చూపించవచ్చా అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగం దాదాపు అంతా గోదావరి జిల్లాల్లోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం కోళ్ల జబ్బుల ల్యాబ్‌లో రక్తం, సీరం మధ్యే పనిచేశాను. అందుకే ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరగా అనిపించింది.

ముందు ఆ పసివాడి సంగతి. మీరు ఇవాళే, వీలైతే సాయంత్రమే, వాళ్లింటికి వెళ్లండి. గబ్బిలం రక్తం కానీ మాంసం కానీ ఉబ్బసానికి మందు కాదు. ఎర్రకణం ఏ మంచి పని చేసినా బతికున్న ఆ జంతువు రక్తనాళాల్లో తిరుగుతున్నంతసేపే చేస్తుంది. పిల్లవాడి కడుపులోకి చేరాక అదీ కోడిగుడ్డులాగే అరిగిపోయే మాంసకృత్తే. అరిగేలోపు మాత్రం చేయవలసిన చెడు చేసేయగలదు. పచ్చి రక్తం నోటికి, గొంతుకి తగులుతుంది. అంతకన్నా ముందు ఆ గబ్బిలాన్ని పట్టుకున్నవాళ్లకి దాని పళ్లు, గోళ్లు, ఉమ్మి, మూత్రం తగులుతాయి. అసలు ప్రమాదం అక్కడే ఎక్కువ.

తాతగారిని కోప్పడకండి. ఆయన కళ్లతో చూసిందే చెప్తున్నారు. ఉబ్బసం వచ్చిపోయే జబ్బు. ముసురు రోజుల్లో ఎక్కువై ఎండ కాయగానే తగ్గుతుంది. పిల్లల్లో చాలామందికి వయసుతోపాటు దానంతటదే నెమ్మదిస్తుంది కూడా. ఆ మధ్యలో ఎవరైనా గబ్బిలం పెడితే తగ్గిన పేరు గబ్బిలానికి వస్తుంది. ఈ మాట నెమ్మదిగా చెప్తే పెద్దవాళ్లు వింటారు, నేను చాలా ఇళ్లలో చూశాను. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందన్న భయం కూడా తీసేయండి. పీల్చే మందు చిన్న మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. పిల్లవాణ్ణి పిల్లల డాక్టరుకి చూపించి, ఆయన రాసిన మందు మానకుండా వాడితే వాడు మిగతా పిల్లలతోపాటు ఆడుకుంటాడు.

ఇక ఎర్రకణం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

ఒకసారి కోనసీమలో 11 కె.వి. లైనుకి తగిలి చచ్చిపోయిన పెద్ద గబ్బిలాన్ని మా దగ్గరికి తెచ్చారు. అప్పటికి నేను ల్యాబ్‌లో కొత్త. రోజూ కోడి రక్తమే చూసేవాణ్ణి. చేతులకి గ్లోవ్స్, మూతికి మాస్కు వేసుకుని ఒక చుక్క స్లయిడ్ మీద పరిచి రంగు వేసి చూశాను. ఎగిరే జంతువు కదా, కోడి రక్తంలా కోలగా, మధ్యలో ఊదారంగు కేంద్రకంతో కనిపిస్తుందేమో అని మనసులో ఎక్కడో అనుకున్నాను. పుస్తకంలో చదివిందే, అయినా కంటితో చూసేసరికి ఒళ్లు జలదరించింది. గుండ్రటి కణాలు, మధ్యలో కేంద్రకం లేదు. అచ్చం మన రక్తమే, కాకపోతే కణాలు కాస్త చిన్నవి. రెక్కలున్నా గబ్బిలం మన చుట్టమే, పాలిచ్చే జంతువే అని ఆ స్లయిడ్ చెప్పినంత గట్టిగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

కేంద్రకం లేదంటే ఆ కణంలో డీఎన్ఏ లేదు, కొత్త ప్రోటీన్లు తయారుచేసుకునే ఏర్పాటూ లేదు. అందుకే చాలాకాలం దాన్ని ఆక్సిజన్ మోసే సంచిలా చూశారు. కానీ లెక్క చూడండి. మన రక్తం ఒక మైక్రోలీటరులో, అంటే గుండుసూది తలంత చుక్కలో, దాదాపు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. ఎముక మజ్జ సెకనుకి 20 లక్షలకి పైగా కొత్తవి పుట్టిస్తుంది. ఒక్కొక్కటి 120 రోజులు తిరుగుతుంది. సంఖ్యలో చూస్తే మన ఒంట్లో ఉన్న సొంత కణాల్లో ఐదింట నాలుగు ఇవే. ఒంట్లో మూలమూలకీ వెళ్లొచ్చే ఇంత పెద్ద దండు, దారిలో ఎదురైన శత్రువుని పట్టించుకోకుండా పోతుందా?

పోదని మొదట గట్టిగా చూపించినవాడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ నెల్సన్, 1953లో. సూక్ష్మక్రిమికి యాంటీబాడీలు, వాటితోపాటు కాంప్లిమెంట్ అనే రక్తప్రోటీన్లు అంటుకున్నాక ఆ క్రిమి వెళ్లి మనిషి ఎర్రకణానికి అతుక్కుంటుందనీ, అలా అతుక్కున్న క్రిముల్ని తెల్లకణాలు తేలిగ్గా మింగుతాయనీ ఆయన చూశాడు. ఎర్రకణం పైపొరలో సీఆర్1 అనే కొక్కెం ఉండటం వల్ల ఇది జరుగుతుందని తరవాత తేలింది.

దీన్ని మన డెల్టా పిల్లలకి ఇలా చెప్పండి. రోడ్లు రాకముందు సరుకంతా మన కాలువల్లో పడవల మీదే తిరిగేది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలో ధాన్యం పడవ వెళ్తోందనుకోండి. దాని పక్కలకి కొక్కేలున్నాయి. దారిలో గుర్రపుడెక్క తగిలి కొక్కేలకి చిక్కుకుంటుంది. పడవ లాకుల దగ్గరికి రాగానే అక్కడి కూలీలు ఆ డెక్క పీకి గట్టు మీద పడేస్తారు. పడవ మునగదు, సరుకు పోదు, మళ్లీ బయల్దేరుతుంది. మన రక్తంలో పడవ ఎర్రకణం. లాకులు కాలేయం, ప్లీహం. అక్కడుండే మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణాలు అంటుకున్న చెత్తని మాత్రం ఒలుచుకుని ఎర్రకణాన్ని వదిలేస్తాయి. ఈ కొక్కేలు తగ్గిపోతే చెత్త వెళ్లి మూత్రపిండాల్లాంటి చోట పేరుకునే అవకాశం పెరుగుతుంది. ఒంటి రక్షణ సేన సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు ఉన్నవాళ్ల ఎర్రకణాల మీద సీఆర్1 తక్కువగా కనిపిస్తుంది.

రెండో పని ఇంకా సున్నితమైనది. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, క్రిమి చేరినా ఆ చోటు నుంచి కీమోకైన్లు అనే పిలుపులు వెళ్తాయి. తెల్లకణాలు ఆ పిలుపు విని పరిగెత్తుతాయి. పిలుపులు మరీ ఎక్కువైతే ఒళ్లంతా అల్లకల్లోలం. మన ఎర్రకణాల మీద డఫీ అనే ప్రోటీన్ ఉంది. అది రక్తంలోకి పొంగిన కీమోకైన్లని పీల్చి పట్టి ఉంచుతుంది. ఏరు పొంగినప్పుడు మిగులు నీళ్లు పట్టుకునే చెరువులాంటిదన్నమాట. ఈ డఫీనే తలుపుగా వాడుకుని వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో చాలామందికి ఎర్రకణాల మీద డఫీ ఉండదు, వాళ్లకి వైవాక్స్ మలేరియా రావడం చాలా అరుదు.

మలేరియా మాట వచ్చింది కాబట్టి గోదావరి పైకి, రంపచోడవరం, చింతూరు ఏజెన్సీ వైపు ఒక్క నిమిషం వెళ్దాం. అక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జన్యువు కనిపిస్తుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తే అది బాధాకరమైన జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కాపాడుతుంది. ఈ సంగతి 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. తెల్లకణాలు పోరాడటం అందరికీ తెలుసు. ఇక్కడ ఎర్రకణం తన హిమోగ్లోబిన్‌నే మార్చుకుని క్రిమికి ఇల్లు లేకుండా చేసింది. ఆ రక్షణకి మూల్యం జబ్బుపడిన పిల్లలు చెల్లిస్తున్నారు. అందుకే ఈ విషయం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ జాగ్రత్తగా మాట్లాడతాను.

ఈమధ్య తెలిసినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నీలం మంగళ్‌మూర్తి బృందం చేసిన పని. క్రిముల డీఎన్ఏని గుర్తుపట్టే టీఎల్ఆర్9 అనే గ్రాహకం ఎర్రకణాల మీద కూడా ఉందని వాళ్లు చూపించారు. 2021లో ఇంకో మెట్టు ఎక్కారు. రక్తంలో చెత్త డీఎన్ఏ కొద్దిగా ఉన్నప్పుడు ఎర్రకణం దాన్ని చడీచప్పుడు లేకుండా పట్టుకుంటుంది. ఎక్కువ అంటుకుంటే కణం ఆకారం మారిపోతుంది. "నేను మనవాణ్ణే, నన్ను తినకు" అని చెప్పే దాని పైగుర్తు చెదిరిపోతుంది. అప్పుడు మాక్రోఫేజ్‌లు దాన్నే మింగేస్తాయి, ఒళ్లంతటికీ ప్రమాద ఘంట మోగుతుంది. క్రిమి సోకి ఒళ్లంతా అల్లకల్లోలమయ్యే సెప్సిస్‌లో, తీవ్రమైన కోవిడ్‌లో రోగులకి రక్తం ఎందుకు తగ్గిపోతుందో దీంతో కొంత అర్థమవుతుంది. ఎర్రకణం తనని తాను బలిపెట్టుకుని కబురు చేరవేస్తోంది.

హిమోగ్లోబిన్‌కి కూడా సొంత ఆయుధం ఉంది. ఎర్రకణాల్ని పగలగొట్టి లోపలి ఇనుము తినాలని చూసే బాక్టీరియా కొన్ని ఉన్నాయి. అవి వదిలే ఎంజైములే బయటపడ్డ హిమోగ్లోబిన్‌ని రెచ్చగొట్టి, బాక్టీరియాని చంపే చురుకైన ఆక్సిజన్ కణికల్ని పుట్టిస్తాయని 2007లో సింగపూర్ శాస్త్రవేత్తలు చూపించారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తీసుకెళ్లి నేరుగా గబ్బిలానికి అంటించకండి, మాస్టారూ. మీ తరగతిలో జరిగిన చిన్న పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. పశువైద్యుడు మొదటి రోజు నేర్చుకునే పాఠం, ఒక జంతువుది ఇంకో జంతువుకి నడవదని. సీఆర్1 కొక్కెం ఎర్రకణం మీద ఉండటం మనుషులు, కోతుల జాతి లక్షణం. మిగతా క్షీరదాల్లో చాలావాటికి ఆ చెత్త మోసే పని ప్లేట్‌లెట్లు చేస్తాయి. కోడి, చేపల్లో కథ ఇంకో రకం. వాటి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంది కాబట్టి వైరస్ తగిలితే రక్షణ జన్యువుల్ని నిజంగానే మేల్కొలపగలవు. ట్రౌట్ చేప, కోడి ఎర్రకణాలు వైరస్‌ని పోలిన పదార్థం తగలగానే అలా స్పందించాయని 2011లో చూపించారు. అదే కేంద్రకం వాటికి చేటు కూడా. సాల్మన్ చేపల్లో ఒక రియోవైరస్ ఎర్రకణాల్లోనే దూరి పెరుగుతుంది. మన ఎర్రకణంలో, గబ్బిలం ఎర్రకణంలో ఏ వైరస్ దూరినా అక్కడ దాని పిల్లలు పుట్టవు. వండటానికి పొయ్యే లేని ఇల్లు అది.

ఇక్కడ నా ల్యాబ్ అనుభవం ఒకటి చెప్పాలి. కోళ్లకి వచ్చే కొక్కెర తెగులు, అదే రాణిఖెత్, మీకు తెలుసు. టీకా పట్టిందో లేదో చూడటానికి కోడి ఎర్రకణాల్ని ఉప్పునీటిలో కలిపి ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో వేస్తాం. వైరస్ ఉంటే అది ఎర్రకణాల పైనున్న సియాలిక్ యాసిడ్ అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుని ఒకదాన్ని ఇంకోదానికి అతికిస్తుంది. గుంట అడుగున సన్నటి వలలా పరుచుకుంటుంది. వైరస్ లేకపోతే, లేదా కోడి సీరంలోని యాంటీబాడీలు దాన్ని కట్టేస్తే, ఎర్రకణాలు జారి అడుగున ఎర్రటి బొత్తాంలా చేరతాయి. 1941లో జార్జ్ హర్స్ట్ ఫ్లూ వైరస్‌తో కనిపెట్టిన సూత్రమే ఇది. ఎర్రకణం వైరస్‌లకి ఎంత మంచి ఎరో ఆ పళ్లెం చూస్తే తెలుస్తుంది. లక్షల వైరస్‌లు అసలు దూరాల్సిన కణాన్ని వదిలి పనికిరాని కణానికి అతుక్కుపోతాయి.

నిపా వైరస్ రాణిఖెత్ వైరస్ కుటుంబంలోదే. అయినా ఎర్రకణాల్ని అతికించదు. దానికి సియాలిక్ యాసిడ్ అక్కర్లేదు, రక్తనాళాల లోపలి పొర మీద, నరాల మీద ఉండే ఎఫ్రిన్-బి2 అనే ప్రోటీన్ దాని తలుపు. కాబట్టి గబ్బిలం ఎర్రకణాలు నిపాని ఎరలా పట్టి ఉంచుతున్నాయి అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

మరి నిపాని మోస్తూ గబ్బిలం ఎందుకు జబ్బు పడదు? ఎర్రకణం రక్షణ పనులకి గట్టి రుజువులు మనిషిలో, కోడిలో, చేపలో దొరికాయి. గబ్బిలంలో గట్టి రుజువులు దొరికింది ఇంకోచోట, ఒంటి ప్రమాద ఘంటలో. దాని బలం ఎక్కువ కొట్టడంలో లేదు, నిగ్రహంలో ఉంది.

2013లో రెండు జాతుల గబ్బిలాల జన్యువులు పూర్తిగా చదివారు. బయటి డీఎన్ఏని చూసి మంట రేపే పీవైహెచ్ఐఎన్ అనే జన్యు కుటుంబం వాటిలో మొత్తంగా మాయమైంది. 2018లో చైనా శాస్త్రవేత్తలు, గబ్బిలంలో చోటు తప్పిన డీఎన్ఏ కనిపిస్తే ఘంట మోగించే స్టింగ్ అనే ప్రోటీన్ ఒకే ఒక్క చోట మార్పు వల్ల మెత్తబడిందని చూపించారు. 2019లో సింగపూర్‌లోని లిన్‌ఫా వాంగ్ బృందం, వాపు పుట్టించే ఎన్ఎల్ఆర్‌పీ3 గబ్బిలంలో తగ్గిన స్వరంతో పనిచేస్తుందని చూపించింది. వైరస్ ఉన్నంతే ఉంది, ఒంట్లో అల్లకల్లోలం మాత్రం తగ్గింది. మరోపక్క ఆస్ట్రేలియా నల్ల గబ్బిలం కణాల్లో వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అనే ప్రోటీన్ ఏ జబ్బూ లేనప్పుడు కూడా వెలుగుతూనే ఉంటుంది. వాకిట్లో దీపం ఆర్పకుండా, ఇంట్లోవాళ్లని లేపకుండా కాపలా కాసినట్టు. నిపా సోకిన మనిషికి మెదడువాపు వచ్చి ప్రాణం పోవడంలో వైరస్ చేసే నష్టంతోపాటు మన ఒంటి సొంత మంట కూడా తోడవుతుంది.

ఈ నిగ్రహం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే చాలామంది శాస్త్రవేత్తలు ఎగరడం వైపే వేలు చూపిస్తారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. ఎగురుతున్న చిన్న గబ్బిలం గుండె నిమిషానికి వెయ్యి సార్ల దాకా కొట్టుకుంటుంది. ఆ వేగానికి కణాల్లో డీఎన్ఏ దెబ్బతింటుంది, దాని ముక్కలు బయటపడతాయి. ఆ ముక్కలు కనిపించిన ప్రతిసారీ ఘంట మోగితే అది ప్రతి రాత్రీ జ్వరంతో పడుకోవాలి. అందుకే ఘంట మెత్తబడింది. ఎగిరినప్పుడు ఒళ్లు వేడెక్కడమే జ్వరంలా పనిచేసి వైరస్‌ని అదుపు చేస్తుందని 2014లో ఇంకో వాదం వచ్చింది. అది నాకంతగా రుచించలేదు. ఆ వేడిలో కూడా గబ్బిలం కణాల్లో వైరస్‌లు హాయిగానే పెరిగిన ప్రయోగాలున్నాయి.

ఎర్రకణం ఇక్కడే మళ్లీ కథలోకి వస్తుంది. ఎగరడానికి ఆక్సిజన్ కావాలి. అందుకే గబ్బిలం రక్తం చిక్కన, దానిలో చిన్న చిన్న ఎర్రకణాలు మన రక్తంలో కన్నా కిక్కిరిసి ఉంటాయి. కణాలు ఎక్కువైతే రోజూ పగిలేవీ ఎక్కువే. పగిలిన కణం నుంచి బయటపడే హీమ్ అనే ఇనుప పదార్థం నిప్పురవ్వలాంటిది, వాపు పుట్టించే ఆ ఎన్ఎల్ఆర్‌పీ3 ఘంటనే అది మోగిస్తుంది. ఎలుకల్లో ఇది స్పష్టంగా చూపించారు. అంత రక్తం మోస్తూ, అంత వేగంగా తిప్పుతూ ఉన్న జంతువుకి మెత్తటి ఘంట ఎంత అవసరమో ఆలోచించండి. ఇది నా ఊహే, కానీ రక్తం చూస్తూ బతికినవాడి ఊహ. గబ్బిలం ఎర్రకణాన్ని దాని నిగ్రహాన్ని వేరువేరుగా చూడకూడదని నా నమ్మకం.

ఈ నిగ్రహానికి ఇంకో సాక్ష్యం ఉంది. పండ్లు తినే గబ్బిలాల ఎర్రకణాల్లో మలేరియా క్రిమికి దగ్గరి చుట్టమైన హెపటోసిస్టిస్ నివసిస్తుంది. మన మలేరియాలో క్రిమి ఎర్రకణాల్లో పెరిగి, అన్నీ ఒక్కసారిగా పగిలినప్పుడు చలిజ్వరం కొడుతుంది. హెపటోసిస్టిస్ పెరిగేది కాలేయంలోనే. ఎర్రకణంలోకి వచ్చాక అక్కడ పెరగదు, కుట్టే పురుగు వచ్చి తీసుకెళ్లేదాకా కాచుకుని కూర్చుంటుంది. సికింద్రాబాద్‌లో 1897లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసినప్పటి నుంచీ మనం క్రిమిని చంపడం గురించే మాట్లాడుతున్నాం. గబ్బిలం, దాని క్రిమి ఒకరినొకరు చంపుకోకుండా సర్దుకున్నాయి.

ఎర్రకణాల మీద 2024లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో మంచి పని చేశారు. శీతాకాలం నిద్రపోయే గబ్బిలం, నిద్రపోని ఈజిప్టు పండ్ల గబ్బిలం, మనిషి, ఈ ముగ్గురి ఎర్రకణాల్ని 37 నుంచి 10 డిగ్రీల దాకా చల్లబరిచి సాగదీసి చూశారు. చలికి తగ్గట్టు మారే గుణం రెండు గబ్బిలాల్లోనూ కనిపించింది, మనిషిలో కనిపించలేదు. ఇది రోగనిరోధకం కాదు. అయినా మీ పిల్లలకి చెప్పండి, ఎర్రకణమంటే ఒకే అచ్చులో పోసిన బిళ్ల కాదని తెలుస్తుంది. సైబీరియాలో ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి 41 ఏళ్లు బతికిందని కూడా చెప్పండి. అంతే బరువున్న ఎలుక రెండు మూడేళ్లు బతికితే గొప్ప.

చెట్టు సంగతి. కొట్టించకండి. దీనికి నా దగ్గర ప్రేమతోపాటు లెక్క కూడా ఉంది. ఆస్ట్రేలియాలో నిపాకి చెల్లెలులాంటి హెండ్రా వైరస్ మీద పాతికేళ్ల సమాచారం పరిశీలించి 2022లో ప్రచురించారు. అడవులు పోయి, తిండి దొరక్క గబ్బిలాలు ఊళ్ల మీద పడ్డ ఏళ్లలోనే వైరస్ గుర్రాలకి ఎక్కువగా దాటింది. పూత బాగా వచ్చి అవి వాటి చోట ఉన్న ఏళ్లలో దాటలేదు. రావిచెట్టు పడితే ఆ వందల గబ్బిలాలు చచ్చిపోవు, ఆకలితో, బెదురుతో పది పెరళ్లలోకి చెదిరిపోతాయి. పైగా చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఒకప్పుడు పండ్ల గబ్బిలాలు కాకులు, ఎలుకలతోపాటు వన్యప్రాణి చట్టంలో హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు.

నిపా భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. మన దేశంలో మనుషులకి అది సోకింది పశ్చిమ బెంగాల్‌లో, కేరళలో. 2001లో సిలిగురిలో, 2007లో నదియాలో వచ్చింది. 2018లో కోళికోడ్ వైపు వచ్చినప్పుడు 17 మంది ప్రాణాలు పోయాయి. బంగ్లాదేశ్‌లో ఎక్కువగా సోకేది పచ్చి ఖర్జూర రసం వల్ల. రాత్రి కుండకి కారే రసాన్ని గబ్బిలం నాకుతుంది, అందులోనే మూత్రం పోస్తుంది, పొద్దున్నే జనం తాగుతారు. మన కోనసీమలో ఈత, తాటి కల్లు గీసేవాళ్లకి ఈ మాట చెప్పడం చెట్టు కొట్టడం కన్నా వందరెట్లు మేలు. గీత గీసిన చోటునీ లొట్టి మూతినీ కలిపి కప్పేలా వెదురు తడికో వలో కట్టమనండి. బంగ్లాదేశ్‌లో వెదురు తడికలతో గబ్బిలాలు రసం దగ్గరికి రాకుండా ఆపగలిగారు. కాచి బెల్లం చేస్తే భయం లేదు. గబ్బిలం కొరికిన జామకాయ, సపోటా, మామిడి ఎంత కొంచెమే కొరికినా పారేయాలి. చెట్టు కింద నీళ్ల తొట్టి, మధ్యాహ్న భోజనం వంటపాత్రలు ఉంటే ఇవతలికి జరపండి. ఆ చెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టకండి. కిందపడ్డ గబ్బిలాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. కరిచినా గీరినా ఆ చోటుని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా సంగతి అడగాలి.

పంచాయతీలో మాట్లాడేటప్పుడు రైతుల ముందు ఇంకో విషయం పెట్టండి. పాత గుళ్లలో, పెంకుటిళ్ల దూలాల సందుల్లో ఉండే చిన్న గబ్బిలాలు పురుగులు తినేవి. థాయిలాండ్‌లో అలాంటి ఒక జాతి వరిని పీల్చే తెల్లవీపు సుడిదోమని తినడం వల్ల ఏటా దాదాపు 2,900 టన్నుల బియ్యం మిగులుతోందని 2014లో లెక్కకట్టారు. సుడిదోమ దెబ్బ తిన్న రైతుకి ఈ అంకె ఇట్టే అర్థమవుతుంది. మీ రావిచెట్టు మీది పెద్దవి తెల్ల బూరుగు పూలకి రాత్రిపూట పుప్పొడి చేరవేస్తాయి, నేరేడు, మర్రి విత్తనాలు ఊరూరా చల్లుతాయి. చాలా గట్ల మీద ఎవరూ నాటని చెట్లు వాటివే.

చివరిగా మైక్రోస్కోపు. గబ్బిలం రక్తం వద్దు, ఏ కారణంతోనూ వద్దు. నేను చేసింది ల్యాబ్‌లో, రక్షణతో, నా ఉద్యోగంలో భాగంగా. దానికి బదులు చికెన్ షాపులో ఒక చుక్క తాజా రక్తం మీరే గ్లోవ్స్ వేసుకుని తీసుకోండి, పిల్లల్ని ముట్టనివ్వకండి. స్లయిడ్ మీద పల్చగా లాగి ఆరనిచ్చి లీష్‌మన్ రంగు వేయండి. మనిషి రక్తానికి పిల్లల వేళ్లు గుచ్చకండి. ఊళ్లో రక్తపరీక్షల ల్యాబ్‌లో అడిగితే రంగువేసిన స్లయిడ్ ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఎగిరే జంతువుదో చెప్పమనండి. చెప్పాక, మనిషి స్లయిడ్ చూపించి, గబ్బిలం కణాలూ ఇలాగే ఉంటాయి, ఇంకాస్త చిన్నగా అని చెప్పండి. పొర చివర, ఈకలా పల్చబడే చోట చూడమనండి, కణాలు విడివిడిగా కనిపిస్తాయి.

రంగు కలిపేందుకు బోరు నీళ్లు వాడకండి. మన వైపు చాలాచోట్ల బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, కణాలన్నీ నీలంగా మాసిపోతాయి. 6.8 పీహెచ్ బఫర్ టాబ్లెట్లు సైన్స్ సామాన్ల కొట్లో దొరుకుతాయి. ఒకటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి వాడితే కోడి ఎర్రకణంలో కేంద్రకం చక్కటి ఊదారంగులో తేలుతుంది.